ఐసు ఫ్యాక్టరీ గోడ

ఫిషింగ్ హార్బర్లో మా ఐసు ఫ్యాక్టరీ గోడ
తూర్పు నుంచి పడమరకి సాగి పడుకుంటుంది.
ఎత్తు పదహారడుగులు. సున్నం ఎప్పుడో ఊడింది.
గోడకి ఉత్తరాన గరికిన ఎర్రయ్యమ్మ, ఎండుచేపలు.
దక్షిణాన వాడమొదుల నూకరత్నం, పచ్చిచేపలు.
ఎండబెట్టి అమ్మేదానికి నీడ,
మంచు పెట్టి అమ్మేదానికి ఎండ.
జాగాలు పంచిన పెద్దలెవరో గాని
పొద్దుని ఒక్క మాటైనా అడగలేదు.

నేను కిటికీ దగ్గర కూచుని
ఐసు దిమ్మల లెక్క రాస్తాను.
అదే పుస్తకం వెనక పేజీల్లో
గోడ నీడ లెక్క రాస్తాను.
దానికి ఆడిట్ లేదు.

పుష్యమాసం. మధ్యాహ్నం పన్నెండు.
నీడ ఉత్తరానికి పద్నాలుగడుగులు.
ఎర్రయ్యమ్మ తట్టలు, ఆమె కునుకు,
కునుకు చుట్టూ ఈగలు,
పేకాడే కళాసీలు నలుగురు, ఒక కుక్క,
అందరూ పట్టగా ఇంకా మిగిలేది.
మాఘంలో కుక్క లేచి వెళ్ళిపోయింది.
ఫాల్గుణంలో కళాసీల మోకాళ్ళు మోకాళ్ళు తగిలాయి.
ఉగాది ముందు కొలిస్తే ఐదడుగులే.
నీడ తగ్గడం ఎవరూ చూడరు,
కాళ్ళు ముడుచుకుంటారు, అంతే.

అవతల నూకరత్నం తడిగోనె నెత్తినేసుకుని
వంజరం మీద ఐసుపొడి చల్లుతూ
"సూరన్న నా మీదే పడ్డాడు బాబూ,
గోడవతల ఆడికి పనేటీ నేదా?" అనేది.
"ఉంది, మే నెల్లో వెళ్తాడు.
అప్పుడు నీడ నీ వైపు" అని
పుస్తకం తెరిచి చూపించాను.
ఆమె నవ్వింది.
"నీ పుత్తకం నీడిత్తాదేటి?"

కృత్తిక కార్తె మొదటి రోజు,
పన్నెండుకి ఏడు నిమిషాలు తక్కువ.
గోడకి నీడ లేదు.
ఇటూ లేదు, అటూ లేదు.
కరెంటు స్తంభాలు తమ నీడల్ని తామే తొక్కి నిలబడ్డాయి.
గోడ మీది కాకికి
కాళ్ళ సందున ఇంత నల్లచుక్క.
ఎర్రయ్యమ్మ ఆ ఏడు మొదటిసారి కొంగు నెత్తికి లాక్కుంది.
నేను గోడ మలుపు తిరిగి పరుగెత్తాను,
నూకరత్నానికి చెబుదామని.

ఆమె లేదు.
ఏప్రిల్ సగం నుంచీ వేట నిషేధం.
జెట్టీకి కట్టిన బోట్లు
ఒకదాన్నొకటి రాసుకుని మూలుగుతున్నాయి.
ఎంవీపీ కాలనీలో ఎవరింట్లోనో
అంట్లు తోముతోందన్నారు.
ఇన్ని లెక్కలు రాసినవాణ్ణి,
ఆ లెక్క మరిచాను.

మర్నాటి నుంచి నీడ దక్షిణానికి దిగింది.
ముందు వేలెడు. తర్వాత బెత్తెడు.
రోహిణిలో జానెడు దాటి
ఆమె పీట మీద అదే కూచుంది.

జూన్ పదిహేనున బోట్లు కదిలాయి.
నూకరత్నం తట్టతో తిరిగొచ్చింది.
అప్పటికి నీడ మూరెడు,
ఈ ఊళ్ళో ఆ వైపు అంతకు మించి పెరగదు.
కానీ మృగశిర మబ్బు కమ్మి
డాల్ఫిన్ నోస్ కొండ సగమే కనబడుతోంది.
"ఏదీ బాబూ నీ నీడ?"
నేను ఆకాశం మొత్తం చూపించాను.
ఈసారి నవ్వలేదు.

ఆరుద్రంతా వాన. పునర్వసూ అంతే.
పుష్యమి కార్తెలో ఒకనాడు మాత్రం
మిట్టమధ్యాహ్నం మబ్బు చీలింది.
మూరెడు కాస్తా మళ్ళీ బెత్తెడైంది, అయినా ఉంది.
నూకరత్నం గోనె తీసి పక్కన పడేసి
గోడకి వీపు చేరేసి కళ్ళు మూసుకుంది.
నుదురంతా నీడ, ముక్కుకొస మీద ఎండ.
అవతల ఎర్రయ్యమ్మ
విరిగిన గొడుగుని, గొడుగు అమ్మినవాణ్ణి
కలిపి తిడుతోంది.
కళ్ళు తెరవకుండానే ఇవతల నుంచి కేక:
"అప్పా, ఇటొచ్చీ. సోటుంది."
చోటెక్కడ! బెత్తెడు.
ఇద్దరూ భుజాలు రాసుకుంటూ గోడకి అంటుకుపోయి
కాళ్ళు నాలుగూ ఎండలోకి చాపారు.
ఆ పేజీలో నేను కొలత రాయలేదు.

ఆగస్టు మొదట్లో నీడ మళ్ళీ గోడ దాటింది.
నిన్న చూశాను,
ఎర్రయ్యమ్మ తన తట్టలు మూరెడు పక్కకి జరిపింది.
ఎందుకని అడిగితే
"ఊరికే" అంది.
ఆ మూరెడులో ఇంకా ఎవరూ కూచోలేదు.
పుష్యానికి పద్నాలుగడుగులొస్తుంది కదా,
చూడాలి.