గాడి

పిట్స్‌బర్గ్ మ్యాపులో ఈ దారి కనపడదు.
హ్యాండిలు పట్టేంత వెడల్పు, అంతే.
ఒక చెవిలో వాగు,
ఇంకో చెవిలో హైవే మీద లారీలు,
నడుమ ఓక్ వేళ్ళ మీద టకటకా ఊగుతూ మనిషి.

మొదట్లోనే బోర్డు: తడి నేల మీద తొక్కవద్దు.
చదివాను. రెండుసార్లు చదివాను.
కానీ ఆరు రోజుల ముసురు,
ఆసుపత్రి లాండ్రీలో పన్నెండు గంటల దుప్పట్లు,
ఇంటికి పోతే మళ్ళీ దుప్పటే.
మంగళవారం సాయంత్రం
ఎవరూ లేరు కదా అని
దిగాను.

ఎంత బాగుందో చెప్పకుండా ఉండలేను.
ముఖం నిండా బురద, పళ్ళలో ఇసుక.
ఒక జింక తలెత్తి చూసి
నన్ను లెక్కలోంచి తీసేసి
మళ్ళీ ఆకు అందుకుంది.
మూడో మలుపులో భయమేసి వెనక బ్రేకు పట్టాను.
పెరుగులో గరిటె దిగినట్టు
చక్రం దిగింది.

బుధవారం ఎండ కాసింది.
శనివారానికి ఆ గాడి ఇటుకైంది.

ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపిన వెరోనికా హ్రుస్కా
కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి
మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని చదివింది.
"ఒక్కడే వచ్చాడు. బరువైనవాడే.
ఇదుగో, ఇక్కడ జడిశాడు.
ఏడున్నర అడుగులకోసారి టైరుకి ఒక పన్ను లేదు."
పళ్ళ డాక్టరు డెస్మండ్ ఒక్కడే నవ్వాడు.
నా సైకిలు కాస్త దూరంగా
చెట్టుకి ఆనించి ఉంది,
వెనక చక్రం పొదలోకి తోసి.

అందరికీ పారలూ దంతెలూ పంచింది.
నా వైపు చూడకుండానే
నాకు గునపం.

మధ్యాహ్నం దాకా నేనే చేసినదాన్ని నేనే పగలగొట్టాను.
పెళ్ళలు చిదిమాం, కొత్త మట్టి కలిపాం,
బూట్లతో తొక్కి తొక్కి అణిచాం,
నీళ్ళు పక్కకి పోయేలా వాలు తీశాం.
అరచేతుల్లో నాలుగు బొబ్బలు.
చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను.
రెండుసార్లూ మంచినీళ్ళే అడిగాను.

చివర్న గుంపులోంచి నన్నే పిలిచింది:
"ముందు నువ్వెళ్ళు, కర్టిస్. మెల్లిగా.
ఈ మలుపు నీకు తెలుసుగా."

వెళ్ళాను. బ్రేకు తాకలేదు.
కింద ఆగి వెనక్కి చూస్తే
మెత్తటి కొత్త మన్ను మీద నా గీత,
ఏడున్నర అడుగులకో ఖాళీ,
వాటిలో ఒకదాని పక్కన వంగి
బొటనవేలితో మన్ను సర్దుతూ
ఆమె.