యాభై

దమ్మాంలో నాలుగేళ్ళు
ట్రాన్స్‌ఫార్మర్ గొంతు నాకు పడలేదు.
ఒక మెట్టు పైన పాడేది, పరాయి మనిషి లెక్క.
సోహార్‌లో దిగిన మొదటి రాత్రి
యార్డు కంచె పక్కన నిలబడితే
అదే గొంతు!
మా చెలక గట్టున, దిమ్మె మీద
గుయ్యిమని కూర్చునేదాని గొంతు.
నవ్వాపుకోలేకపోయాను.
వాచ్‌మన్ టార్చ్ వేసి నా మొహం చూశాడు.

తర్వాత బుథైనా చెప్పింది:
అక్కడ అరవై. ఇక్కడ యాభై. మీ ఊళ్ళోనూ యాభై.
సెకనుకు.
ట్రైనీ ఇంజనీరు, తెల్ల హెల్మెట్,
బూట్లింకా కొత్తవి,
బ్రేకర్ పడ్డప్పుడల్లా భుజాలు ఉలిక్కిపడతాయి.
నాది పదకొండేళ్ళ నీలం హెల్మెట్.

నేను ఆమెకు నేర్పింది ఒక్కటే.
చచ్చిన తీగ అని ఎవరు చెప్పినా నమ్మకు.
టెస్టర్‌ను ముందు బతికున్న తీగకు పెట్టు.
తర్వాత చచ్చిందన్న తీగకు.
మళ్ళీ బతికున్నదానికి.
అప్పుడు పెట్టు చెయ్యి.
మా మామ బుచ్చిమల్లుకు
ఈ మాట చెప్పినవాళ్ళు లేరు.
రాత్రి రెండింటికి త్రీఫేజ్ వచ్చే కాలం,
స్టార్టర్ డబ్బా, తడికాళ్ళు,
టార్చ్ పట్టింది నేనే, తొమ్మిదేళ్ళవాణ్ణి.
ఇదంతా హిందీలో చెప్పబోయాను,
సగంలో భాష అయిపోయింది.
ఆమె ఏమీ అడగలేదు.
టెస్టర్ మాత్రం మూడుసార్లూ పెట్టింది.

ఆ రోజుల్లో నాదొక ప్రశ్న,
అడిగితే మొట్టికాయే:
కరెంటు పోయింది, కరెంటు పోయింది అంటరు గదా,
ఏడికి పోయింది?
ఇరవై ఏళ్ళకు, చాయ్ కప్పు చల్లారని ఎండలో,
కేబుల్ డ్రమ్ము అట్టముక్క మీద
బుథైనా ఒక అల గీసింది.
ఎక్కడికీ పోదు, అంది.
తీగలో రేణువు ఉన్నచోటే ఊగుతుంది,
వెంట్రుకవాసి కూడా జరగదు.
మరి ఈ చిల్లర్లు?
సముద్రాన్ని మంచినీళ్ళు చేస్తున్న ఆ ప్లాంటు?
ఊపు పోతుంది భాయ్. అది అక్కడే ఉంటుంది.

ఆ రాత్రి పై బంకు మీద నిద్ర పట్టలేదు.
కింద బిహారీ పిల్లగాడి గురక,
గోడవతల డిస్ట్రిబ్యూషన్ బోర్డు,
సన్నగా, యాభై.

డిప్లొమా ఫారం ఆమే ప్రింటు తీసి తెచ్చింది.
'ఈ రంగం ఎందుకు ఎంచుకుంటున్నారు?'
నాలుగు గీతలు.
మొదటిదాని మీద 'జీతం' అని రాశాను.
అబద్ధం కాదు.
మిగతా మూడు ఖాళీగానే ఉన్నాయి.
అనుభవం దగ్గర పదకొండు వేసి,
పెన్ను ఎత్తలేక కాసేపు అట్లనే ఉన్న.
టార్చ్ పట్టిన రాత్రుల్ని
ఏ గడిలో రాస్తారు?

పోయిన శుక్రవారం నుంచి చదువుతున్నాను.
ఓమ్ నియమం వచ్చేసింది,
అది చేతులకు ముందే తెలుసు.
పవర్ ఫ్యాక్టర్ దగ్గర ఆగాను.
కొసైన్ మాత్రం ఇంకా
కొరుకుడుపడటం లేదు.