చివరి ట్రిప్పు తర్వాత

హార్లిక్స్ సీసాలో మొత్తం పద్దెనిమిది వందల నలభై.
నస్రీన్ లెక్క రాస్తోంది
పాత రికార్డు పుస్తకం అట్ట వెనకాల.
ఏప్రిల్ మూడో శనివారం, బడి కట్టేసే ముందు,
మా స్కౌట్లకీ గైడ్లకీ ఏడాది చివరి పండగ.
నేను డ్రిల్లు మాస్టర్ని.
విజిల్ ఊదడం వచ్చుగానీ పండగ చేయడం రాదు.
అందుకే వరండాలో చాప పరిచి
మీరే చెప్పండర్రా అన్నాను.

చెప్పారు. అందరూ ఒక్కసారే చెప్పారు.
లోవరాజు బిరియానీ అన్నాడు,
వాడు ఏ ప్రశ్నకైనా బిరియానీ అనే అంటాడు.
గద్ద దళం డీజే కావాలంది.
అరటిగెల ఊరికే వస్తుంది సార్,
మా చిన్నాన్న తోటలో గాలికి పడ్డ చెట్లున్నాయి అన్నాడు మణికంఠ.
క్యాంప్‌ఫైరుకి ఎండు మట్టలు, డొక్కలు.
కోనసీమలో అగ్గికి కరువేముంది?
అగ్గిపెట్టె రెండు రూపాయలు.
నస్రీన్ అదీ రాసింది.

ముఖ్య అతిథి ఎవరు?
వరండా చప్పబడిపోయింది.
పోయినేడు వచ్చిన పెద్దాయన
రెండు గంటలు ఆలస్యంగా వచ్చి
నలభై నిమిషాలు సమయపాలన గురించి మాట్లాడాడు.
ఎండలో ఇద్దరు పడిపోయారు.
ప్రథమ చికిత్స బ్యాడ్జీలు మాకు ఆ రోజే వచ్చాయి.

ఎస్తేరు లేచింది.
ఆగస్టు వరద మచ్చ దాని స్కార్ఫు మీద ఇంకా పోలేదు.
"రేవు తాతని పిలుద్దాం సార్."

ఎవరు కాదంటారు?
కాజ్‌వే మునిగిన పదకొండు రోజులూ
పులిహోర పొట్లాలు, మంచినీళ్ళ డబ్బాలు,
అప్పుడే ఈనిన ఒక గేదె, దాని దూడ,
అన్నీ ఆయన పడవలోనే దాటాయి.
పుస్తకం చూసి నేను నేర్పిన ముడి
తడి తాడు మీద జారిపోతే
ఆయన ఏమీ అనలేదు.
నా చేతిలో తాడు తీసుకుని
ఒక మెలిక ఎక్కువ వేసి
మళ్ళీ నా చేతికే ఇచ్చాడు, పిల్లలు చూడకుండా.
ఎస్తేరు చూసింది.

సరే, పత్రం రాయండి. రాజోల్లో అచ్చుకి నాలుగొందలు.
"ముఖ్య అతిథి: శ్రీ..."
నస్రీన్ కలం అక్కడ ఆగింది.
తాత పేరేంటి?

మణికంఠది లంక, రోజూ ఆ పడవలోనే వస్తాడు. తెలీదన్నాడు.
వాళ్ళ నాన్నా ఆ పడవ మీదే చదువుకున్నాడు.
ఫోన్ చేస్తే ఆయనకీ తెలీదు.
పన్నెండేళ్ళుగా ఎక్కుతున్నాను,
వానలో ఆయన గొడుగు కింద నిలబడ్డాను,
చిల్లర బాకీ పడ్డాను.
హాజరుపట్టీలో నూట నలభై పేర్లు
ఇంటిపేర్లతో సహా కళ్ళు మూసుకుని చెప్తాను.
నాకూ తెలీదు.

ఎస్తేరునీ లోవరాజునీ సైకిలు మీద రేవుకి పంపాను.
గంట పట్టింది.
ఆ గంటలో డీజే రద్దయింది,
బిరియానీ గుడ్ల పలావు దగ్గరికి దిగింది.

మోకాళ్ళ దాకా బురదతో వచ్చారు.
"పాలెపు తాతబ్బాయి అంటండీ, ఆయ్!"
వాళ్ళ తాత పోయిన ఏడు పుట్టాడని పెట్టిన పేరట.
ఉయ్యాల్లో ఉన్నప్పట్నుంచీ తాతే.
మేం వయసు చూసి పిలుస్తున్నామనుకున్నాం.
ఇన్నాళ్ళూ పేరు పెట్టే పిలిచామన్నమాట,
సగం.

"ఇంకోటండీ. ఐదింటికి కుదరదన్నారు.
ఆ టైముకి లంకలోంచి పాలక్యాన్లొస్తాయంట.
గన్నవరం సంతకెళ్ళిన ఆడాళ్ళు వెనక్కెళ్ళాలంట.
ఏడున్నరకి ఆఖరి ట్రిప్పు, అదయ్యాక అయితే సరేనన్నారు.
స్టేజీ ఎక్కనన్నారు.
తలా ఒక తాడు తెచ్చుకోమన్నారు."

ఐదు గంటలు కొట్టేశాం.
బడి ఆవరణ కొట్టేశాం.
రేవు ఇసుక అని రాశాం.
షామియానా డబ్బు మిగిలింది,
తాడు ఖర్చు పెరిగింది,
ముప్ఫై రెండు మందికి తలా రెండు బారలు.
కొబ్బరి తాడా, నైలానా?
గొడవ మళ్ళీ మొదటికొచ్చింది.

దీపాలవేళ అందర్నీ ఇళ్ళకి తోలాను.
లెక్కలో ఇంకా మూడొందల ముప్ఫై తక్కువ.
వరండా మెట్టు మీద కూర్చుని
మెడలోంచి విజిల్ తాడు తీసి
ఆ మెలిక వేసి చూశాను.
ఒకసారి వచ్చింది.
రెండోసారి రాలేదు.