అలిపిరిలో పోయినాక

మొదటిది అలిపిరిలో పోయింది.
మా మేనకోడలి పుట్టెంటికలకు కొండకు పోతా
జేబులో ఉందన్న సంగతే మరిచి
బెల్టు, సంచి, నీళ్ళ సీసా ట్రేలో పెట్టి నిలబడితే
మిషను ఒక్క అరుపు అరిచింది.
బ్లేడ్లు, కత్తెర్లు, ఎవరిదో బీడీ కట్ట ఉన్న డబ్బాలో
దాన్నీ వేసేసినారు.
దిగొచ్చి అడిగితే
"ఇట్లా అడిగేవాళ్ళు శానామంది నాయనా" అన్నాడు.
అంతే.

పదమూడు దినాలు చాకు లేకుండా బతికినా.
వైరు తొక్క పళ్ళతో ఒలిస్తే
ముందరి పన్ను జివ్వుమనింది.
మద్యాన్నం జామకాయను మెట్టుకేసి కొడతా ఉంటే
హెల్పరు పిల్లోడు యుగంధరు నవ్వినాడు.
బీపీ మాత్ర సగం చెయ్యమంటే
పొడి చేసి ఇచ్చినా మా సుగుణకు.
"బెత్తెడు ఇనుము లేకపోతే
మొగోడు ఇంత కోతైపోతాడా" అనింది.

శనివారం కూలి చేతిలో పడినాక
బేరి వీధి చివర
చెంగల్రాయ మొదలియారు ఇనపంగడికి పోయినా.
గాజుపెట్టెలో వరసగా పండుకోనుండాయి.
బటన్ నొక్కితే దూకేది ఒకటి.
వద్దు సామీ, నాకెవరితోనూ తగువుల్లేవు.
చెంచా, రంపం, సోడామూత తీసేది,
అన్నీ కలిపి పదకొండు అలుగులది ఇంకొకటి.
జేబులో సంసారం మోసే ఓపిక నాకు లేదు.
తళతళలాడే స్టీలుది,
మొగం చూసుకోడానికి బాగుండాది,
ఒకసారి మొద్దుబారితే మళ్ళీ దారికి రాదు.

"కింద ఏమన్నా ఉండాయా?" అంటే
మొదలియారు ముక్కుపొడి తుడుచుకోని
అట్టపెట్టె లాగినాడు, నూనె కాగితం విప్పినాడు.
రెండే.
ఒకే అలుగు, చెక్క పిడి, మూడు ఇత్తడి మేకులు,
అలుగు వీపున గోరు పట్టేంత గాడి.
"పిడి ఎర్రచందనమా?"
"అదైతే నేనీ అంగట్లో ఎందుకుంటా?
జైల్లో ఉంటా. లేదంటే బంగళాలో."
చింతచెక్క అంట.

రెండింటినీ మూసి ట్యూబ్‌లైటుకు ఎత్తి చూసినా.
ఒకదాని సందులోంచి వెలుగు కారతా ఉండాది.
రెండోది తెరవబోతే బొటనవేలు నొచ్చింది,
తెరిచి అటూ ఇటూ ఊపితే
గట్టి పంటి మాదిరి కదల్లేదు.
మూస్తే టక్కుమనింది,
మాట మీద నిలబడేవాడు ఫోను పెట్టేసినట్ట.
పాత పేపరు అంచు మీద పెడితే
నేను నొక్కకముందే దిగిపోయింది.

"తుప్పు పడతాది, ముందే చెప్తా ఉండా,
వారానికొకసారి కొబ్బరినూనె పుయ్యాల."
"మా ఇంట్లో తలలకే చాలదు."
"అయితే తలకు పూసినాక చెయ్యి దీనికి తుడువు."
రెండొందల ఇరవై అన్నాడు, నూటరవైకి దిగినాడు.
పోతే అప్పుపడనంత అగ్గవ,
పోతే పోయిందిలే అనుకునేంత అగ్గవ కాదు.

నెల తిరిగేసరికి మళ్ళీ కొండ పని.
ఈసారి జేబు తడుముకోని
అలిపిరికి ముందరే నిలబడిపోయినా.
పూలు కట్టే దొరసానమ్మకు ఇచ్చి
"సాయంత్రం వస్తా, పెట్టుకో అక్కా" అన్నా.
ఆమె నా మొగం చూడలేదు,
మల్లెల బుట్ట కింద తోసేసింది.

దిగొచ్చేసరికి దీపాలు పెట్టేసినారు.
చాకు ఇచ్చింది, తడిగా.
అలుగుకు అరటినార జిగురు,
మేకుల దగ్గర ఒక మల్లె రేకు ఇరుక్కోనుండాది.
పగలంతా దాంతోనే కోసినట్టుంది,
పదును కొంచెం తగ్గింది.
నేనేమీ అనలేదు.
ఆమే అడిగింది,
"బాగా తెగతాదబ్బోడా, యాడ కొన్నావు?"

చెప్పినా. బేరి వీధి, మొదలియారు, కింద అట్టపెట్టె.
ఇంకొకటి ఉండాదని కూడా చెప్పినా.
దాని సందులో వెలుగు కారతాదని మాత్రం
చెప్పాలా వద్దా అనుకుంటా
బస్సెక్కేసినా.