సీ షిఫ్టు

నువ్వు పుట్టి ఇరవై రెండు రోజులు.
మిల్లు మూతపడి నలభై.
ఈ రెండు లెక్కలూ వేరనుకున్నాను
నిన్న రాత్రి దాకా.

పదకొండింటికి మొదలెడతావు.
ముందు చిన్న మూలుగు, గొంతులో పిచ్చుక ఇరుక్కున్నట్టు.
ఆ తర్వాత కాళ్లు కడుపులోకి ముడిచి
మొహం పండుమిరపకాయ చేసుకుని
క్వార్టర్ల వరసంతా లేచి కూచునేలా.

పాలిస్తే తాగుతావు, తాగి ఏడుస్తావు.
భుజాన వేసి వీపు నిమిరితే
తేన్చి మరీ ఏడుస్తావు.
తడిసిన గుడ్డ మార్చాను.
తడవని గుడ్డ కూడా మార్చాను.

మా అత్త ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది.
"గాటు రానేదు సూడు, ఎంత దిస్టి తగిలిందో!"
పక్కింటి గున్నమ్మ వాము నమలమంది.
ఆశా కార్యకర్త ఝాన్సీ నిన్ను తూచి, ఒళ్లు పట్టి చూసి,
"జొరం నేదు. బరువెక్కుతున్నాది.
ఎల్లకిలా పడుకోబెట్టు, తలగడెట్టకు.
కొన్నాల్లు ఇలాగే ఉంటాదమ్మా" అని
ఆగి నా వంక చూసింది.
"నువ్వెప్పుడు పడుకున్నావు?"
నాకు గుర్తు రాలేదు.

మీ నాన్న ఇప్పుడు సెంట్రింగు పనికి వెళ్తున్నాడు.
సిమెంటు తిన్న అరచేతులు
నీకు గుచ్చుకుంటాయని
మోచేతుల మీద ఎత్తుకుంటాడు, పళ్లెం మోసినట్టు.

నిన్న రాత్రి రెండున్నర.
కరెంటు పోయి ఫ్యాను నిలిచిపోయింది.
చంపావతి వైపు నుంచి గాలి లేదు, కుక్క అరుపు లేదు.
నువ్వు ఏడుపు ఆపి ఊపిరి లాక్కునే సందులో
నా చెవులు దేనికోసమో తడుముకున్నాయి.

పదకొండేళ్లు నేను చప్పుడులో బతికాను.
స్పిన్నింగులో రెండో వరస, గోడ పక్క ఫ్రేము.
నువ్వు పడ్డాక కూడా.
సూపర్‌వైజరు వస్తుంటే కొంగు సర్ది నిన్ను దాచేదాన్ని.
నార ధూళికి దగ్గొస్తే
పొట్ట పట్టుకుని దగ్గేదాన్ని.
నువ్వెప్పుడు తన్నేదానివో తెలుసా?
అన్నాల బెల్లు కొట్టి మిషన్లు ఆగినప్పుడు.
అవి మళ్లీ తిరగ్గానే
మెత్తగా సర్దుకుని పడుకునేదానివి.
ఎనిమిదో నెల దాటి ఇంటి పట్టునున్నా
ఈ గోడలు వణుకుతూనే ఉండేవి, గిన్నెలు సన్నగా మోగుతూనే ఉండేవి.

లోకం ఇంత మూగదని
నీకు ముందుగా ఎవరు చెప్పారు గనక.

నిన్ను ఎదకి అంటించుకుని లేచాను.
చీకట్లో పాదాలకి దారి తెలుసు.
నాలుగడుగులు అటు, ఒక ఒరుగు,
నాలుగడుగులు ఇటు.
గొంతులోంచి జోల రాలేదు.
పెదాలు మూసుకునే ఉన్నాయి, లోపల ఏదో తిరగడం మొదలైంది.
గుర్ర్‌ర్‌ర్‌ర్ అని ఒకే శ్రుతి, మోటారు.
సిగ్గేసింది కాసేపు.
పసిదాని చెవిలో పోసేది ఇదా, ఇనుమా, అని.

నువ్వు ఏడుపు సగంలో ఆపావు.
నీ చెవి నా ఎముకకి ఆని ఉంది.
విన్నావు.
ఎరిగున్న మనిషి వీధి మలుపులో కనపడ్డట్టు
ఒళ్లంతా వదులు చేశావు.

అయినా నిద్ర ఒక్కసారే రాదు.
నారలా సాగుతుంది, సన్నబడుతుంది, పుటుక్కుమంటుంది.
తెగిన పోగుని మిషను ఆపకుండా అతకడం
నాకు తిండి పెట్టిన విద్య.
రెండు కొసలు, బొటనవేలి కింద ఒక్క మెలిక.
నువ్వు ఉలిక్కిపడినప్పుడల్లా
నీ వీపు మీద నా వేలు ఆ మెలికే తిప్పింది.
ఎన్నిసార్లు తెగావో లెక్క పెట్టలేదు.
ఇక్కడ మీటరు చూసి కూలి కట్టేవాళ్లు లేరు.

తెల్లారగట్ల మీ నాన్న దిగ్గున లేచాడు.
"ఏటే ఆ సప్పుడు? మిల్లు తెరిసినారేటి?"
చొక్కా కోసం చీకట్లో తడుముతున్నాడు,
ఒక చేయి అప్పుడే తలుపు గొళ్లెం మీద.

తల అడ్డంగా ఊపాను.
నోరు తెరవలేదు.
తెరిస్తే ఆగిపోతుంది.