తేలే గింజలు

పెదజాలరిపేటలో రేషను బండి వచ్చివెళ్ళిన సాయంత్రం
గరికిన కన్నాలమ్మ అరుగు మీద
సిల్వర్ బేసిన్‌లో చిన్న సముద్రం ఒకటి తయారవుతుంది.

బియ్యం పోసి చేత్తో ఒక్క తిప్పు తిప్పుతుంది.
బరువున్నవి అడుగుకి పోతాయి.
కొన్ని మాత్రం
కాస్త పసుపుగా, మరీ అచ్చు గుద్దినట్టుగా
పైకొచ్చి నిలబడతాయి,
ఎవరివో తెలియని పడవలు రేవులో నిలబడ్డట్టు.

"పలాస్టీకు," అంటుంది.
వేళ్ళతో తేర్చి గోడవతలికి విసురుతుంది.
అక్కడ మూడు పెట్టలూ ఒక పుంజూ
ఏ అనుమానమూ లేకుండా పరిగెత్తుకొస్తాయి.

నేను ఆ గింజల మనిషిని.
పరవాడ దారిలో ఒక రేకుల షెడ్డు,
ఇనుమూ ఫోలిక్ యాసిడ్డూ బి పన్నెండూ
నూకల పిండిలో కలిపి
మళ్ళీ గింజ రూపు పోసే చోటు.
అందులో నైట్ షిఫ్టు కెమిస్టుని.
నూరు గింజల్లో ఒకటి మాది.
ఆ ఒక్కదాన్నే ఆమె ఏరుతుంది.

ఒకరోజు పక్కన కూర్చుని చెప్పబోయాను.
"ప్లాస్టిక్ కాదు అమ్మమ్మా, పిండే."
"పిండైతే గింజెలాగయ్యింది?
గింజైతే పిండెందుకు సేసినారు?"

మిల్లులో తెల్లగా రుద్ది
తవుడుతో పాటు పారబోసినదాంట్లో కొంత
తిరిగి తెచ్చి పెడుతున్నామని
ఎలా చెప్పాలో నాకు ఏ ట్రైనింగులోనూ నేర్పలేదు.

"మునగాకులో ఉన్నదీ ఇదీ ఒకటే," అన్నాను.
అది సగం అబద్ధం.
ఆకులోది ఒక వేషం, డబ్బాలోది ఒక వేషం.
ఒంట్లోకి దిగాక ఇద్దరూ ఒకే పనికి కుదురుతారు.
నిజానికి డబ్బాలోదే తొందరగా ఒంటబడుతుంది.
కానీ ఆకు ఒంటరిగా రాదు కదా,
చింతపులుసునీ ఎండు నెత్తళ్ళనీ
పొయ్యి దగ్గరి చెమటనీ
వెంటేసుకుని వస్తుంది.

ఇంకా ఉత్సాహపడి,
"బి పన్నెండుని ఏ చెట్టూ చెయ్యదు, చేపా చెయ్యదు,
కంటికి కనపడని పురుగు చేస్తుంది.
నీ కవ్వళ్ళలోదీ మా డబ్బాలోదీ
ఒకే పుట్టింటివి," అన్నాను.
"పురుగులా?" అంది.
ఆ నెల బియ్యం రెండుసార్లు కడిగింది.

మనవరాలు నూకరత్నానికి తొమ్మిదేళ్ళు.
కింది రెప్ప లాగి చూస్తే
రాయని కాగితం.
మెట్లెక్కి వచ్చి మాట్లాడే ముందు
కాసేపు ఆగుతుంది.

రాత్రి ల్యాబ్‌లో యంత్రం
ఎవరి పుట్టుకా అడగదు.
సీసా పెడితే చాలు,
అదే నిమిషానికి అదే చోట
యారాడ కొండలా ఒక గీత లేచి
మళ్ళీ నీళ్ళల్లోకి దిగుతుంది.
ఆకుకి ఒక కొండ, డబ్బాకి ఒక కొండ అని ఉండదు.
అంత తేలిగ్గా నమ్మేవాళ్ళు
ఈ ఊళ్ళో ఇంకెవరూ లేరు నాకు.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున్న
కన్నాలమ్మే కేకేసింది.
"ఒలే, ఇటు సూడు, పెట్ట తురాయి!
మందారంలాగ లేదా?
దినం తప్పి దినం పెట్టేది
ఇప్పుడు దినమూ పెడతంది."

గుడ్లు ఎవరికని అడిగాను.
"ఇంకెవలికి, గుంటకే.
ఇది ఫేక్టరీది కాదు కదేటి,
నా పెట్ట పెట్టింది."

నోరు తెరిచాను.
గోడవతల విసిరిన గింజలు,
పెట్ట కడుపు, పచ్చసొన, నూకరత్నం గిన్నె,
వరసగా లెక్క కట్టుకుని
నోరు మూసుకున్నాను.
నా యంత్రం చెయ్యలేనిది
ఒక కోడి చేసింది,
పుట్టింటి పేరు మార్చింది.

వెళ్ళబోతుంటే నా చేతిలోనూ ఒకటి పెట్టింది,
ఇంకా వెచ్చగా ఉన్నది.

ఆ రాత్రి దాన్ని
నమూనా సీసాల వరసలో నిలబెట్టాను.
నంబరు వెయ్యలేదు.
తెల్లవారుజామున
బీకరులో ఉడకబెట్టి
ఉప్పద్దుకుని తిన్నాను.
గుడ్డు రుచే.