ముందునుంచే ఉన్నది

పర్లాకిమిడి బజారులో మేడ మీది గది.
ఫ్యాను గాలికి ఎగురుతున్న కాగితాల మీద
పాణిగ్రాహి బాబు ఓ తాబేలుని పెట్టాడు.
అది నేను చేసిందే.
గేదె కొమ్ము. పదకొండేళ్ళ కిందటిది.
అప్పటికింకా నాకు షుగరు లేదు.

"ప్రయాణ బీమా. జపాను. పద్దెనిమిది రోజులు," అని చదివి
"ముందునుంచే ఉన్న జబ్బులేవన్నా?" అని
కలం ఎత్తి పట్టుకున్నాడు.
అడిగింది ఒడియాలో. నేను ఆలోచించింది తెలుగులో.
గడి మాత్రం ఇంగ్లీషులో ఉంది.

ముందునుంచే ఉన్నవి చాలా ఉన్నాయి బాబూ.
కొమ్ము పొడి పట్టిన ఊపిరుంది.
ఎంత రుద్దినా పెళ్ళినాడు కూడా వదలని
కాలిన కొమ్ము వాసనుంది.
సొసైటీ అప్పుంది.
మా నాన్న చెయ్యి నా చేతిలో ఉంది.
వీటికి గళ్ళు లేవు.
షుగరుకి ఉంది.

"లేదని రాసేద్దాం," అన్నాడు మెల్లగా, తలుపు వైపు చూసి.
"పదిహేడు వందలు మిగుల్తాయి. అక్కడెవడు చూస్తాడు?"

నేను వారానికి మూడుసార్లు సరిహద్దు దాటే మనిషిని.
సైకిలు మీద పాతపట్నం పోయి
టీ తాగి, ఆకురాయి కొనుక్కొని
చీకటి పడేలోగా ఇంకో రాష్ట్రంలోకొచ్చి పడుకుంటాను.
ఎవరూ ఏ గడీ నింపమనలేదు.
ఒకసారి దారిలో కళ్ళు తిరిగి కూలబడితే
దుర్యోధన్ అనే ఆటో కుర్రాడు
చెరుకురసం పట్టించి ఇంటికి తెచ్చి దింపాడు.
ఆ పేరు పెట్టుకుని ఇంత మంచివాడేటని
మా దాలమ్మ వారం రోజులు ఆశ్చర్యపోయింది.
అప్పటిదాకా నా బీమా అదే.

ఒసాకాలో దుర్యోధన్ ఉండడు.

కొమ్ములో చీలికుంటే
మైనం కూరి, నూనె రాసి, మెరుగు పెట్టి అమ్మేయొచ్చు.
కొన్నవాడింట్లో తొలి ఎండాకాలం
అది నోరు తెరుస్తుంది.
నాన్న చీలికని దాచేవాడు కాదు.
దాని వెంటే రంపం నడిపించి
కొంగకి రెక్క విప్పేవాడు.

"ఉందని రాయండి.
తొమ్మిదేళ్ళుగా. సూది, రెండు పూటలా."
పాణిగ్రాహి బాబు నిట్టూర్చి రాశాడు.
పదిహేడు వందలు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు
నా చెయ్యి కొంచెం ఆగింది. అబద్ధమెందుకు.

డాక్టరమ్మ చీటీ రాసి ముద్ర వేసింది.
మందు చేతిసంచిలోనే ఉండాలంది,
విమానం కడుపులో వేస్తే గడ్డకడుతుందట.
రెండు చోట్ల సర్దమంది, ఒకటి పోతే ఒకటి.
అక్కడ పొద్దు మనకంటే మూడున్నర గంటలు ముందంది.
"మరి నా సూది ఏ ఊరి గడియారం మాట వినాలమ్మా?"
ఆవిడ నవ్వలేదు.
కాగితం వెనక్కి తిప్పి, విమానం గీసి, అన్నం గీసి,
ఎప్పుడెంతో పక్కన రాసింది.
విమానం అచ్చం చేపలా వచ్చింది.

ఇంటి దగ్గర వేలు గుచ్చుకుంటే నెత్తురు రాదు.
ముప్పై ఏళ్ళ ఆకురాయి వేళ్ళనీ కొమ్ము చేసింది.
ఎడం చిటికెన వేలి పక్కన
ఇంకా మనిషిగా మిగిలిన చోటొకటి
దాలమ్మ వెతికి పట్టింది.
అక్కడ గుచ్చితే
ఒక చుక్క, ఎర్రగా, వెంటనే.

కొత్త జోళ్ళు కూడా తనే కొంది.
"రోజూ తొడుక్కుని పాతపట్నం నడిచెళ్ళి రండి.
కరిస్తే ఇక్కడే కరవనీండి,
పరదేశంలో పుండు పడితే ఎవరు సూస్తారు?"

జేబులో పటికబెల్లం పొట్లం పెట్టింది.
తొమ్మిదేళ్ళు అటకెక్కించి దాచినదాన్ని
తన చేత్తోనే, పద్నాలుగు పలుకులు లెక్కపెట్టి.
"ఒళ్ళు వణికితేనే."

వంతెన మీద నిన్న నా ఒళ్ళేం వణకలేదు.
కింద నీళ్ళు ఎటు ఏ రాష్ట్రమో తెలియకుండా పోతున్నాయి.
జోళ్ళు కరుస్తున్నాయి.
ఇంటికొచ్చేసరికి పొట్లంలో పదమూడే ఉన్నాయి.

ఇది మాత్రం ఏ గడిలోనూ రాయించలేదు.